రెండో వైపు విన్నారా?

మొగల్తూరు పేరు చెప్పగానే తెలుగువాడికి రెండు ముఖాలు గుర్తొస్తాయి. 1940లో ఇక్కడ పుట్టిన కృష్ణంరాజు ఒకరు, 1955లో పుట్టిన చిరంజీవి ఇంకొకరు. ఊరి గురించి ఇన్నేళ్లుగా పత్రికల్లో వచ్చింది చాలామటుకు ఆ తెర మీది ముఖాల గురించే. ఈ చుట్టుపక్కల జనం ఏం విన్నారు, ఎలా విన్నారు, విన్నదాన్ని ఒకరికొకరు ఎలా అందించుకున్నారు అన్నది పెద్దగా ఎవరికీ పట్టలేదు. చెవుల లెక్కన చూస్తే మాత్రం ఈ మూల చిన్నది కాదు. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి ఒడ్డుకు చేరి కాస్త దిగువకు పోతే, 1930లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టిన శంకరగుప్తం. ఇవతల పాలకొల్లులో 1969లో మాండలిన్ శ్రీనివాస్ పుట్టారు. పాటను తెరకెక్కించడంలో ఎవరి దారి వారిదైన బాపు, జంధ్యాల ఇద్దరిదీ నరసాపురమే. ఇంత సంగీతం పుట్టిన చోట ‘ఈమధ్య ఏం వింటున్నారండీ?’ అన్న ప్రశ్న కుశల ప్రశ్నల్లో ఒకటిగా మిగిలిపోకూడదు. ఫలానా ఆల్బం మొదటి నుంచి చివరి దాకా వినండి, ఇందుకు వినండి అని ఒక శ్రోత ఇంకో శ్రోతకు చెప్పడమే తెలుగులో ఎన్నడూ అచ్చులోకి రాని సంగీత విమర్శ. ఆ విమర్శ ఇన్నాళ్లూ నోటి మాటగానే బతికింది. ఇప్పుడు దానికి ఊపిరి ఆడటం లేదన్నది ఈ కథనం వాదన.

విమర్శ అనడం పెద్ద మాట అనిపించవచ్చు. కానీ తెలుగు పత్రికల్లో పాటల స్థానం ఏపాటిదో చూడండి. సినిమా విడుదలైన రోజు సాయంత్రానికల్లా అయిదుకు ఎన్ని మార్కులో తేల్చేస్తాం. అందులో సంగీతానికి దక్కేది ఒక వాక్యం, అదీ నేపథ్య సంగీతంతో కలిపి. శాస్త్రీయ కచేరీకి అడపాదడపా సమీక్ష వస్తుంది. కవితా సంపుటికి, కథల సంపుటికి వారం వారం పేజీలున్నాయి. అరగంటో గంటో నిడివి ఉన్న పాటల సంపుటిని కూర్చుని విని, ఏ పాట తర్వాత ఏది వచ్చింది, ఎవరి పాత బాణీ ఎక్కడ తొంగిచూసింది, ఏది నిలబడింది, ఏది తేలిపోయింది అని రాసే అలవాటు మనకు ఏర్పడలేదు. అలాగని విన్నవాళ్లకు అభిప్రాయాలు లేకపోలేదు. పద్యనాటకం ఆడే రోజుల్లో ‘వన్స్ మోర్’ అన్న కేక ఉన్నపళంగా వెలువడే తీర్పు. నటుడు మళ్లీ పాడి తీరాల్సిందే. పాండవోద్యోగ విజయాలు రాసిన జంట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రిది భీమవరం దగ్గరి యండగండి. ఆ పద్యాలు ఈ జిల్లాలకు ఇంటి సరుకు. రాయబారం సీనులో పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు గొప్పా, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడు గొప్పా అని తెల్లవార్లూ వాదించుకున్న జనం ఒట్టి అభిమానులు కారు. రాగం ఎంతసేపు తీయాలి, పద్యంలో మాట మింగేయకుండా ఎలా తీయాలి అన్నదే వాళ్ల తగువు. నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను ప్లేటు ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. స్టేజీ మీద పావుగంట సాగే పద్యం ప్లేటు మీద ఎంత కుదించుకుపోయిందో, ఏ సంగతి పోయిందో పోల్చి చెప్పగల చెవులు ఆ తగువుల్లోనే తయారయ్యాయి.

ఆ తర్వాత రేడియో వచ్చింది. 1952లో సమాచార ప్రసార శాఖ చేపట్టిన కేస్కర్ సినిమా పాటలకు ఆకాశవాణి తలుపులు మూసేసరికి జనం రేడియో ముల్లును సిలోను వైపు తిప్పారు. మీనాక్షి పొన్నుదురై గొంతు తెలుగువాళ్లకు చుట్టాల గొంతంత దగ్గరైంది. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలైంది. తర్వాతి కాలంలో జనరంజని లాంటి కార్యక్రమాల్లో పాటకు ముందు కోరినవారి పేర్లు, ఊళ్ల పేర్లు చదవడం ఒక వేడుకైంది. ఒక పోస్టుకార్డు, దాని మీద పాట పేరు, సినిమా పేరు, కింద ఇంటిల్లిపాది పేర్లు. హిందీ వైపు ఝుమ్రీ తలైయా అనే చిన్న పట్నం ఈ కార్డుల పుణ్యాన దేశమంతటికీ తెలిసిపోయింది. పేరు చదివించుకోవాలన్న సరదాయే తప్ప ఇందులో సంగీతం ఎక్కడుందని కొట్టిపారేసేవాళ్లు అప్పుడూ ఉన్నారు. సరదా ఉంది, కాదనలేం. కానీ తన ఊరి పేరు పక్కన ఏ పాట పేరు వినపడాలో ఎంచుకున్న మనిషి తన అభిరుచికి నలుగురి ముందు పూచీ పడుతున్నాడు. ‘ఈ పాట మేం కోరాం’ అని సంతకం పెడుతున్నాడు. కార్డులో లేనిది ఒక్కటే, ఎందుకు కోరాడన్న మాట. దానికి చోటూ లేదు, అడిగినవాళ్లూ లేరు. పాట ఒక్కటే ప్రయాణం చేసింది, కారణం ఊళ్లోనే, అరుగు మీదే ఉండిపోయింది.

డెల్టాలో పంచుకుని వినడం అంటే అన్నిటికంటే ముందు తలుచుకోవాల్సింది మైకు సెట్టును. పెళ్లికీ, షష్ఠి తీర్థానికీ, గుడి ఉత్సవానికీ కొబ్బరిచెట్టుకు కట్టిన బాకాలోంచి ఒక మనిషి ఎంచిన రికార్డులు ఊరంతా విన్నది. పొద్దున భక్తి, మధ్యాహ్నం కొత్త సినిమా, రాత్రి పాత పాటలు అన్న వరస ఎవరూ రాసి ఇవ్వలేదు. మైకు సెట్టాయన చెవే దానికి ఆధారం. ఇందులోని జబ్బేమిటంటే, వద్దన్నవాడికి కూడా తప్పని వినికిడి ఇది. పరీక్షకు చదువుకునే పిల్లలూ, మంచాన పడ్డ ముసలివాళ్లూ పడే బాధను ‘పంచుకోవడం’ అనడం అన్యాయమే. ఎవరి గుడి బాకా ఎంత దూరం వినపడాలన్న పంతాలు ఊళ్లలో లేవని అనలేం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు కట్టిపెట్టాలని 2000లో నిబంధనలు తేవాల్సి వచ్చింది అందుకే. బాకాలో మోగించడాన్నీ ఒకరికి వినమని చెప్పడాన్నీ నేను ఒక గాటన కట్టను. మొదటిదాంట్లో ఎదుటి మనిషి ఒప్పుకోలు లేదు.

బాకా ఒక ఆల్బంను ఏం చేయగలదో చెప్పడానికి ఘంటసాల భగవద్గీతను మించిన ఉదాహరణ లేదు. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు. చివరి రోజుల్లో పాడి వెళ్లిన రికార్డు అది. శ్లోకాన్ని రాగంలో పాడి, వెంటనే తాత్పర్యాన్ని అదే గొంతుతో తెలుగులో మామూలుగా చెప్పడం దాని పద్ధతి. పాటలోంచి మాటలోకి దిగేటప్పుడు గొంతులోని బరువు ఎలా సడలుతుందో, మళ్లీ శ్లోకంలోకి ఎక్కేటప్పుడు ఎలా కూడుతుందో వరసగా వింటేనే తెలుస్తుంది. ఒక్క శ్లోకం తీసి వింటే ఆ ఎత్తుపల్లాలు అందవు. అంటే అది అచ్చంగా ఆల్బం, పాటల మూట కాదు. అంత్యక్రియల ఊరేగింపులో, శవయాత్ర బండి మీద మోగించీ మోగించీ దాన్ని చావు కబురు చేసి పెట్టాం. ఇప్పుడు ఏ వీధిలో ఆ గొంతు వినపడినా జనం మొదట అడిగేది ‘ఎవరు పోయారు?’ అనే. ఇంట్లో పెట్టుకుని విందామంటే పెద్దవాళ్లు ‘అపశకునం, కట్టెయ్’ అంటారు. పోరాడనని మొదలై పోరాడటంతో ముగిసే గ్రంథానికి ఈ గతి పట్టింది. తెలుగులో ఇంతమంది విన్న ఆల్బం లేదేమో, ఇంత తక్కువమంది కూర్చుని విన్నదీ లేదేమో. దీన్ని ఆ బండి మీంచి దింపి మళ్లీ ఇంట్లోకి తేవాలంటే బాకా పనికిరాదు. ఒక శ్రోత ఇంకొకరితో ‘చావు సంగతి మరిచిపోయి రెండో అధ్యాయం దగ్గర ఆయన గొంతు విను’ అని చెప్పాల్సిందే.

తెలుగువాడికి తెలిసిన ఆల్బం సినిమా పాటలే కదా, సినిమా పాటలు కథ కోసం కుట్టినవి కదా, వాటిని ఒక సంపుటిగా వినమనడంలో అర్థమేముంది అని అడిగేవాళ్లున్నారు. గట్టి ప్రశ్నే. నాలుగు పాటల చిన్న రికార్డులో ఉండేవి తరచు నాలుగు రకాల అవసరాలు. ఒక యుగళగీతం, ఒక విషాదం, ఒక క్లబ్బు పాట, ఒక అల్లరి. అవి ఒకదాన్నొకటి ఎరగవు. అయినా అన్నీ అలాంటివే అనడానికి లేదు. మొగల్తూరు కృష్ణంరాజు నటించి, సొంత సంస్థలో తీయించిన ‘భక్త కన్నప్ప’నే తీసుకోండి. 1976 నాటి సినిమా, దర్శకుడు నరసాపురం బాపు, సంగీతం సత్యం, ఆదినారాయణరావు. వేటూరి రాయగా రామకృష్ణ పాడిన కిరాతార్జునీయం ఒక పూర్తి కథ. వర్ణన, వేట, తగువు, యుద్ధం, ప్రసన్నం అన్నీ దానిలోనే నడుస్తాయి. మూడు నిమిషాల ప్లేటు ఒక్క వైపు దాన్ని ఇమడ్చలేం. ధ్వనిముద్రణకు జాతీయ పురస్కారం కూడా ఆ సినిమాకే వచ్చింది. ఇంకో విడ్డూరం బాపు రమణల ‘ముత్యాల ముగ్గు’. 1975లో వచ్చిన ఆ సినిమా సంభాషణలు రికార్డులుగా వెలువడితే, రావు గోపాలరావు కంట్రాక్టరు మాటలు మైకుల్లో పాటలతో సమానంగా మోగాయి. అదే ఏడు హిందీలో ‘షోలే’ మాటల రికార్డూ అంతే. పాట లేని రికార్డును కూడా జనం ఒకరికొకరు వినిపించుకున్నారంటే, వాళ్లు వింటున్నది బాణీని మాత్రమే కాదు, విరుపునూ, ఆగి పలికే తీరునూ. సినిమా బయట కూడా ఉదాహరణలున్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన అయిదు రికార్డుల బాలాజీ పంచరత్నమాల 1979, 80ల్లో వచ్చింది. కచేరీ గడప తొక్కని ఇళ్లకు అన్నమయ్యను చేర్చింది ఆ రికార్డులే. అందులోని అన్నమయ్యను ఆమెకు నేర్పింది తూర్పుగోదావరి కొత్తపల్లిలో పుట్టిన నేదునూరి కృష్ణమూర్తి.

సినిమా ఆల్బం సినిమాతోనే పోతుందా, శ్రోతల నోట బతుకుతుందా అన్నదానికి ‘రుద్రవీణ’ను మించిన సాక్ష్యం దొరకదు. 1988లో చిరంజీవి ఇంటి సంస్థ అంజనా ప్రొడక్షన్స్ తీసిన సినిమా, బాలచందర్ దర్శకత్వం. అప్పటికి ఆయన డాన్సులకూ ఫైట్లకూ జనం ఈలలేస్తున్న కాలం. ఆ ఈలలు లేని సినిమా వసూళ్లలో నిరాశపరిచింది. క్యాసెట్టుకు మాత్రం ఆ గతి పట్టలేదు. సంగీతానికి ఇళయరాజాకూ, పాటకు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. బిలహరి రాగాన్ని ఇంటిపేరు చేసుకున్న తండ్రికీ, సంగీతం ఊరి కష్టానికి అక్కరకు రావాలనే కొడుకుకూ మధ్య తగాదా ఆ కథ. ఆ తగాదా పాటల వరసలోనే ఉంది. సంప్రదాయం కట్టుబాటులో నడిచే పాట ఒకటి, ఆ కట్టుబాటును నిలదీసే పాట ఇంకొకటి, పల్లెజనంలోకి దిగిపోయే పాట మరొకటి. సీతారామశాస్త్రి సాహిత్యం ఒక్కో పాటకూ వేరే మనిషి రాసినట్టు మారుతూ, అసలు ప్రశ్నను మాత్రం వదలదు. సినిమా చూడనివాడు కూడా క్యాసెట్టు రెండు వైపులా వరసగా వింటే వాదం మొత్తం అందుతుంది. వసూళ్లు ఓడించిన ఆల్బంను మోసినవాళ్లెవరు? ప్రకటనలు కావు, పురస్కారాలూ కావు. పురస్కారం విని క్యాసెట్టు కొన్నవాళ్లు ఎందరుంటారు చెప్పండి. ‘సినిమా సంగతి వదిలెయ్, పాటలు విను’ అన్న ఒక్క మాట మీద అది చేతులు మారింది. పాలకొల్లు దాసరి నారాయణరావు 1982లో తీసిన ‘మేఘసందేశం’ది కూడా దాదాపు ఇదే నడక. రమేష్ నాయుడికి, ఏసుదాసుకు, సుశీలకు ముగ్గురికీ జాతీయ పురస్కారాలు తెచ్చిన ఆ పాటల్లో జయదేవుడూ, అప్పటికి రెండేళ్ల కిందటే వెళ్లిపోయిన కృష్ణశాస్త్రీ, వేటూరీ ఒక్క చోట కూర్చున్నారు. ముగ్గురి పదాలకూ ఒకే వాతావరణం కల్పించడం రమేష్ నాయుడు సాధించింది. విడివిడి పాటలుగా వింటే ఆ సాధన సగం కనపడదు.

క్యాసెట్టు వచ్చాక ఇంకో మార్పు జరిగింది. ఎవరు వినాలి, ఎవరు వినిపించాలి అన్నది మారింది. గ్రామఫోను పెట్టె ఉన్నది పెద్దింటి హాల్లో. మైకు సెట్టు అద్దెకు తెచ్చుకునేదీ డబ్బున్నవాళ్లే. రెండు గోదావరి జిల్లాల నుంచి, ముఖ్యంగా నరసాపురం, రాజోలు వైపు నుంచి కువైట్‌కూ మస్కట్‌కూ దుబాయ్‌కూ పనికి వెళ్లినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. తిరిగి వచ్చేటప్పుడు తెచ్చే సరుకులో టూ ఇన్ వన్ ఉండటం ఆ రోజుల్లో మామూలు. అంతదాకా బాకా కింద నిలబడి విన్న ఇళ్లకు సొంత మీట దొరికింది. ఏసు పాటల క్యాసెట్టు ఒక ఇంట్లో, అయ్యప్ప పాటలు పక్కింట్లో, హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు ఎదురింట్లో. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల పనిని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టడాన్ని మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లో వచ్చిన తన పుస్తకంలో తప్పుపట్టారు. చేతులకు ఎడతెగని పని, చెవులకు మాత్రమే తీరిక ఉన్న ఆ ఇళ్ల వినికిడిని కూడా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని నాకనిపిస్తుంది. పట్నాల్లో క్యాసెట్ల షాపువాడికి కాగితం మీద పాటల జాబితా రాసిస్తే ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చేవాడు. అరవై నిమిషాలదైతే వైపుకు ముప్పై, తొంభైదైతే నలభై అయిదు. చివరి పాట సగంలో తెగిపోకుండా నిమిషాలు కూడి వరస కట్టాలి. చట్టం ఒప్పుకోని పని, సంగీత కంపెనీలకు నష్టం తెచ్చిన పని. కానీ ఏ పాట పక్కన ఏ పాట ఇముడుతుందని వేలమంది మామూలు జనం ఆలోచించిన కాలం అదొక్కటే.

ఇప్పుడు ఫోనులో లేని పాట లేదు. అయితే పాటల సంపుటి అన్నదాన్ని పరిశ్రమే విప్పేసింది. సినిమా రావడానికి నెలల ముందు నుంచి పాటను పాటగా, లిరికల్ వీడియోగా వదులుతారు. ‘అల వైకుంఠపురములో’ పాటలు 2019 సెప్టెంబరు నుంచి ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. సినిమా వచ్చింది 2020 సంక్రాంతికి. ఒక్కో పాటకూ దాని ముచ్చట దానికి జరిగింది. అన్నీ కలిపి ఒకచోట వినే సందర్భం మాత్రం రానేలేదు. ‘ఆర్ఆర్ఆర్’ సంగతీ చూడండి. కొవ్వూరులో పుట్టిన కీరవాణి 2023 మార్చిలో ఆస్కారు అందుకున్నారు. లోకమంతా ఒక్క పాటకు గంతులేసింది. అదే సినిమాలో కాలభైరవ గొంతులో కట్టేసిన మనిషి పాడే పాట ఉంది. ఆ గంతు పాటకు అది అటువైపు. ఒకటి ఒంటిని ఎగరేస్తుంది, ఇంకొకటి నేలకు నొక్కిపెడుతుంది. రెండూ ఒకే సంగీతకారుడు ఒకే కథకు రాసిన జవాబులని పక్కపక్కన పెట్టి విన్నవాళ్లకే తెలుస్తుంది. ఆస్కారు ముచ్చట్లలో ఈ సంగతి ఎంతమంది ఎత్తారు?

ఇన్ని పాటలు చేతిలో ఉండి, మనకు నచ్చేవి యాప్ తనంతట తనే వెతికి పెడుతుంటే మనుషుల్ని అడగడం దేనికని కుర్రకారు అంటారు. యాప్ వెతికేది బాగానే వెతుకుతుంది. నిన్న మీరు విన్నదానికి దగ్గరిది ఇవాళ తెచ్చి పెడుతుంది. దాని బలమూ లోపమూ కూడా ఆ దగ్గరితనమే. ఇళయరాజా వింటే ఇంకో ఇళయరాజా వస్తుంది. పద్యనాటకం వినే తాతగారి నుంచి మనవడికీ, మనవడి ర్యాప్ నుంచి తాతగారికీ దారి వేయదు. నచ్చకపోతే దాన్ని నిలదీయలేం. మనిషి చెబితే ఆ మాటకు జవాబుదారీ ఉంటుంది. ‘నువ్వు చెప్పావని గంటసేపు విన్నాను, రెండో వైపు నీరసంగా ఉంది’ అంటే చెప్పినవాడు తన మాటను నిలబెట్టుకోవాలి, లేదా తగ్గాలి. అక్కడ మొదలయ్యేదే విమర్శ. వాట్సాప్ స్టేటస్‌లో అరనిమిషం పాట ముక్క పెట్టడాన్ని నేను తీసిపారేయను. పాత పోస్టుకార్డుకు అది మనవరాలు. కార్డులాగే అదీ పేరు చెబుతుంది, కారణం చెప్పదు. పైగా అరనిమిషం విన్నదానికి రుజువు అది. చివరిదాకా విన్నదానికి కాదు.

తాము వినే గొప్ప ఆల్బంల పేర్లు వల్లించేవాళ్లలో సగం డాబు కాదా అన్న అనుమానమూ న్యాయమైనదే. ఎవరూ వినని విదేశీ పేరు ఒకటి, కొత్తగా కొన్న పెద్ద రికార్డు ఫొటో ఒకటి పెట్టి ‘ప్రస్తుతం ఇది’ అనేవాళ్లు పట్నాల్లో తయారయ్యారు. రికార్డు ధర వింటేనే గుండె గుభేలుమంటుంది. డాబు మాత్రం ఎప్పుడు లేదు? జనరంజని కార్డులో ఇంటిల్లిపాది పేర్లు రాయడమూ డాబే. డాబునూ వినికిడినీ వేరు చేసేది ఒక్క ప్రశ్న. ‘అందులో మీకు నచ్చనిది ఏది?’ పూర్తిగా విన్నవాడి దగ్గర దీనికి తడుముకోని జవాబు ఉంటుంది. ఇదంతా పాతకాలం మీద బెంగ అంటారా, క్యాసెట్టు మళ్లీ రావాలని నేనెక్కడా అనలేదు. టేపు సాగి గొంతులు జీరబోవడం, పిల్లలు పొరపాటున చెరిపేయడం తలుచుకుని మురిసిపోవాల్సిన సంగతులు కావు. వరసగా వినడానికి ఫోనే ఎక్కువ వీలు. కావలసింది విన్న తర్వాత మాట్లాడుకునే చోటు.

జపానులో అలాంటి చోట్లు ఉన్నాయి. జాజ్ కిస్సా అంటారు. రికార్డులు విలాస వస్తువైన కాలంలో కాఫీ ధరకు రికార్డు వినిపించే హోటళ్లు అవి. యోకొహామాలోని చిగుసా 1933లో తెరిచారు. అడిగిన రికార్డు ఒక వైపు పూర్తిగా వేస్తారు, జనం మాట్లాడకుండా వింటారు. మన ఊళ్లలో అంత నిశ్శబ్దం కుదురుతుందని నేను నమ్మను, కుదరనక్కర్లేదు కూడా. వింటూ ‘ఆహా’ అనడం, పక్కవాడి తొడ మీద తాళం వేయడం మన వినికిడిలో భాగం. ఒక గ్రంథాలయం గది, ఒక స్పీకరు, నెలకొక సాయంత్రం చాలు. పుస్తకం చదివి నలుగురూ మాట్లాడుకునే అలవాటు ఉన్నచోట ఆల్బం విని మాట్లాడుకోవడం వింతేమీ కాదు. మొగల్తూరు లాంటి చోట దీనికి ఇంకో లాభం కూడా ఉంది. తన ముఖాల పేరుతో తెలిసిన ఊరికి తన ఇరుగుపొరుగు గొంతులు తెలిసివస్తాయి. బాలమురళి అంటే ‘నర్తనశాల’లో పాడినాయన, ‘భక్త ప్రహ్లాద’లో నారదుడు అనే చాలామంది గుర్తుపడతారు. రామదాసు కీర్తనలు ఆయన గొంతులో వరసగా విన్నవాళ్లు తక్కువ. దేవుడితో దెబ్బలాడే భక్తుడి వ్యంగ్యాన్ని ఆయన ఎక్కడా కన్నీళ్లలో ముంచెయ్యరు. మాట స్పష్టంగా, కాస్త చిలిపిగా పలుకుతారు. ఆ పాడే తీరులో ఏడుపు తక్కువైందని అలిగే భక్తులూ ఉంటారు. ఉండనివ్వండి.

మొదటి సాయంత్రానికి ఏ ఆల్బం పెట్టమంటారని నన్నడిగితే రామదాసును రెండో నెలకు దాచి, పాలకొల్లు కుర్రాడిది పెట్టమంటాను. ఇటలీలో పుట్టి, సినిమా ఆర్కెస్ట్రాల్లో తందానా పాడుతున్న వాద్యం మాండలిన్. జంట తీగలు తీసేసి, అయిదు ఒంటి తీగలతో, కరెంటు పెట్టి దాని మీద కర్ణాటక గమకాన్ని పలికించినవాడు శ్రీనివాస్. పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ 1995లో ‘డ్రీమ్’ అన్న ఆయన ఆల్బం తెచ్చింది. కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసింది. తాళం కట్టిన కీర్తనలు కాదు, పొగమంచులా పరుచుకునే ధ్వనుల మధ్య మాండలిన్ తిరిగే సంగీతం. మొగల్తూరులో కూర్చుని ఇది వింటే గదిలో రెండు పక్షాలు తేలడం ఖాయం. త్యాగరాజ కీర్తన కళ్లకద్దుకునేవాళ్లు ఆ ప్రతిధ్వనుల్లో గమకం నీరుగారిపోయిందని, రాగం ఊపిరి తీసుకునే లోపే ఇంకేదో వచ్చి మీద పడుతోందని అంటారు. రెండో పక్షంవాళ్లు, స్వరం నుంచి స్వరానికి జారే ఆ జారు పాలకొల్లుది కాక మరెక్కడిది అంటారు. నా మటుకు మొదటి పక్షం మాటలో మూడొంతుల నిజం ఉంది. మృదంగం, వయొలిన్ పక్కన ఉన్న శ్రీనివాసే నాకు ఎక్కువ ఇష్టం. అయినా ముందు ‘డ్రీమ్’నే పెట్టమంటాను. అది నచ్చనివాళ్లు ఎక్కడ, ఎందుకు నచ్చలేదో చెప్పడానికి దాన్ని రెండోసారి వేయించుకుంటారు.